గేరు గట్టిగా పడితే గేర్‌బాక్సే విప్పాలా? నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పాత షెడ్డు పనితనం

నెల్లూరు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారి వెనక వరుసలో, బోర్డు మీది అక్షరాలు సగం చెరిగిపోయిన ఒక చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడ ఎప్పుడు చూసినా అంబాసిడర్లు, పాత జీపులే నిలబడి ఉంటాయి. 1965 నాటి ఎంజీబీ వంటి రెండు సీట్ల ఇంగ్లిషు స్పోర్ట్స్ కారును అటువంటి చోట అప్పగించడానికి చాలామంది వెనకాడతారు. గేర్లు గట్టిగా పడుతున్నాయన్న ఫిర్యాదుతో వెళ్లిన మా కారు విషయంలో మాత్రం, ఆ షెడ్డు మేస్త్రి పెద్ద పట్నపు వర్క్‌షాపుల కంటే పద్ధతిగా పని చేశారని నిస్సంకోచంగా చెప్పగలను.

నిజానికి ఆయనకు ఈ కారు పూర్తిగా కొత్తదేమీ కాదు. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్, మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ ఇంజన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ కుటుంబానికి చెందినవే. బానెట్ ఎత్తగానే ఆయన ముఖంలో కనిపించిన పరిచయభావానికి కారణం అదే.

ఫిర్యాదు ఇది. ఇంజన్ నడుస్తుండగా ఫస్ట్ గేరు వేయాలంటే రాడ్డును బలంగా నెట్టవలసి వస్తోంది, రివర్స్ అయితే గరగరమని పళ్లు రాసుకుంటున్న చప్పుడుతో గానీ పడడం లేదు, బండి బాగా వేడెక్కిన తర్వాత ఈ బాధ మరింత ఎక్కువవుతోంది. అంతకు ముందు చూపించిన ఒక వర్క్‌షాపులో సింక్రో రింగులు (గేరు మారేటప్పుడు పళ్లు రాసుకోకుండా వాటి వేగాలను కలిపే రింగులు) అరిగిపోయాయని, గేర్‌బాక్స్ దించి విప్పవలసిందేనని తేల్చి పెద్ద అంచనా చేతిలో పెట్టారు. ఎంజీబీలో గేర్‌బాక్స్‌ను ఒక్కదాన్నే కింది నుంచి దించడం కుదరదు, దానితో పాటు ఇంజన్‌ను కూడా పైకి ఎత్తవలసి ఉంటుంది. అంత పెద్ద పనికి దిగే ముందు తప్పు నిజంగా అక్కడే ఉందని రుజువు కావాలి కదా!

మేస్త్రి ఆ రుజువునే ముందు అడిగారు. "పెట్టె ఊడదీయబాకండి సార్, ముందు క్లచ్ సంగతి తేల్చుకుందాం" అని డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఇంజన్ ఆపి నాలుగు గేర్లూ, రివర్సూ వేసి చూస్తే అన్నీ మెత్తగా పడ్డాయి. తర్వాత ఇంజన్ నడుపుతూ, పెడల్‌ను పూర్తిగా తొక్కి కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేశారు. రివర్స్‌కు సింక్రో ఉండదు కనుక ఈ పరీక్షకు అదే సరైన గేరు. క్లచ్ గేర్‌బాక్స్‌ను ఇంజన్ నుంచి పూర్తిగా విడదీస్తే లోపలి షాఫ్టు ఆ కాస్త సమయంలో తిరగడం ఆగిపోయి చప్పుడు లేకుండా పడాలి, విడదీయకపోతే ఎంతసేపు ఆగినా గరగర తప్పదు. మా కారులో గరగర వచ్చింది. పెడల్‌ను వెంటవెంటనే రెండు మూడుసార్లు కొట్టి మళ్లీ వేస్తే దాదాపు నిశ్శబ్దంగా పడింది. అక్కడితో తప్పు సింక్రో రింగుల్లో లేదని, బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను నడిపే హైడ్రాలిక్ భాగాల్లో గానీ, పెడల్‌కు వాటికి మధ్య ఉన్న కీళ్లలో గానీ ఉందని తేలిపోయింది.

ఆ తర్వాత ఆయన కారు కిందికి దూరి, ఒక మనిషి చేత పెడల్ తొక్కిస్తూ స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే కింది సిలిండర్) రాడ్డు ఎంత దూరం కదులుతోందో స్టీలు స్కేలు పెట్టి కొలిచారు. ఈ కారులో ఆ కదలిక సుమారు అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. అందులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే వస్తోంది. పాత క్లచ్‌ల గురించి మాట్లాడేవారు చాలామంది ఈ కొలత తీయకుండానే ప్లేటు మార్చమని సలహా ఇస్తారు. నా దృష్టిలో ఈ షెడ్డుకు పడవలసిన మార్కుల్లో సగం ఆ స్కేలుకే పడాలి.

పోయిన కదలిక ఎక్కడ పోయిందో వెతకడం ఆసక్తికరంగా సాగింది. బానెట్ కింద, పెడళ్ల పైభాగాన్ని కప్పే రేకు మూతను విప్పి, పెడల్‌ను మాస్టర్ సిలిండర్ (తొక్కినప్పుడు ఆయిల్‌ను కిందికి నెట్టే పై సిలిండర్) రాడ్డుతో కలిపే పిన్నును ఆయన బయటికి లాగారు. గుండ్రంగా ఉండవలసిన పిన్ను నడుము దగ్గర ఒకవైపు గోరు పట్టేంత లోతుగా గాడి పడి ఉంది. పెడల్‌కు ఉన్న రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. పెడల్ తొక్కినప్పుడు మొదటి భాగమంతా ఈ ఖాళీని పూడ్చడానికే సరిపోతోంది తప్ప సిలిండర్ దాకా చేరడం లేదు. పాత ఎంజీబీల్లో ఇది అందరికీ తెలిసిన జబ్బే అయినా, మూత స్క్రూలు విప్పే ఓపిక లేక చాలామంది అటు చూడరు. రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి మళ్లీ డ్రిల్ చేయించి, పక్కనే ఉన్న లేత్‌లో కొత్త పిన్ను తీయించారు. కింద స్లేవ్ సిలిండర్ రాడ్డును క్లచ్ ఫోర్కుతో కలిపే పిన్నును కూడా అదే దెబ్బతో మార్చారు.

రెండో దోషం స్లేవ్ సిలిండర్‌లో బయటపడింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి ఉప్పుగాలి వీచే మన ప్రాంతంలో ఏళ్ల తరబడి దాన్ని మార్చకపోతే సిలిండర్ లోపలి గోడకు తుప్పు పట్టి గుంటలు పడతాయి. ఆ గుంటలు రబ్బరు వాషర్‌ను కోసేయడంతో ఆయిల్ కొద్దికొద్దిగా కారి లోపలికి గాలి చేరుతోంది. సిలిండర్ గోడ బాగుచేయడానికి వీలు లేనంతగా పాడైనందున కొత్త సిలిండర్‌ను ఇంగ్లండు నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. దానితో పాటు, బయటికి బాగానే కనిపిస్తున్నా లోపల ఉబ్బిపోయిన రబ్బరు గొట్టాన్ని కూడా మార్పించాము. మాస్టర్ సిలిండర్‌కు రబ్బర్ కిట్టు ఒక్కటే సరిపోయింది. విడిభాగాలను కడగడానికి కుర్రవాడు అలవాటు కొద్దీ కిరసనాయిలు డబ్బా అందుకోబోతే, "ఆ రబ్బర్లకి కిరసనాయిలు తగలనీబాకరా" అని మేస్త్రి ఆపిన తీరు నాకు బాగా నచ్చింది. పెట్రోలియం జాతి నూనె తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బిపోయి కొత్త కిట్టు కాస్తా వారంలోనే పాడవుతుంది.

ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపే, అంటే ఎయిర్ తీసే పనిలో కూడా ఒక చిన్న నేర్పు చూపించారు. పై నుంచి పెడల్ కొడుతూ తీస్తే ఈ కారులో గాలి మొండిగా మిగిలిపోతుందని, నూనె డబ్బాకు సన్న గొట్టం తగిలించి కింద స్లేవ్ సిలిండర్ నిపుల్ నుంచే బ్రేక్ ఆయిల్‌ను పైకి ఎక్కించారు. గాలి బుడగలు తమంతట తామే మాస్టర్ సిలిండర్ డబ్బాలోకి లేచి వచ్చాయి.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి ఆయనతో నాకు కొంత వాదన జరిగింది. అంతకు ముందు ఎవరో అందులో ఇ.పి. 90 గేర్ ఆయిల్ పోశారు. అది ఉండనివ్వవచ్చని ఆయన అభిప్రాయం. తయారీదారుల హ్యాండ్‌బుక్ మాత్రం ఈ గేర్‌బాక్స్‌కు ఇంజన్ ఆయిలే వాడమంటుంది. చిక్కటి గేర్ ఆయిల్ వల్ల పొద్దున చల్లగా ఉన్నప్పుడు గేర్లు బరువుగా పడతాయి, కొన్ని రకాల గేర్ ఆయిళ్లలో కలిపే రసాయనాలు లోపలి ఇత్తడి, కంచు భాగాలకు మంచివి కావు. హ్యాండ్‌బుక్ చూపించిన తర్వాత ఆయన మారు మాట్లాడకుండా పాతది దించి 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ పోశారు. సెకండ్ గేరులో ఉదయం పూట ఉండే బిగువు దానితో పోయింది.

ఇప్పుడు రివర్స్ చప్పుడు లేకుండా పడుతోంది, ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఆగి కదులుతున్నా ఫస్ట్ గేరు ఒక వేలితో పడుతోంది. బండి కదులుతుండగా ఫస్ట్‌లోకి దించితే మాత్రం ఇప్పటికీ మొండికేస్తుంది. అది రిపేరు లోపం కాదు. 1967 చివరలో మార్క్ 2 వచ్చేదాకా ఎంజీబీ ఫస్ట్ గేరుకు సింక్రో ఇవ్వలేదు. పాత లారీ డ్రైవర్ల మాదిరి డబుల్ క్లచ్ కొట్టడమే (న్యూట్రల్‌లో ఒకసారి పెడల్ వదిలి, ఇంజన్ వేగం పెంచి, మళ్లీ తొక్కి గేరు వేయడమే) దానికి మార్గమని మేస్త్రి ముందుగానే చెప్పారు, దానికి కూడా ఏదో ఒక మందు ఉందని ఆశపెట్టి డబ్బు గుంజలేదు.

లోపాలు లేకపోలేదు. బిల్లు కాగితం ఇవ్వరు, అడిగితే పాత క్యాలెండర్ వెనక లెక్క రాసి ఇస్తారు. పలానా రోజుకు బండి సిద్ధమవుతుందని చెప్పిన మాట ఒక్కసారీ నిలబడలేదు. షెడ్డులో దుమ్ము విపరీతం కనుక హుడ్ తీసి ఉంచే కారైతే సీట్లకు కవరు మీరే తీసుకువెళ్లాలి. విదేశీ విడిభాగాలు వెతికి తెప్పించే బాధ్యత పూర్తిగా యజమానిదే. లేబర్ మాత్రం నాలుగంకెలు దాటలేదు, ఖర్చంతా సిలిండర్‌కూ దాని కస్టమ్స్ సుంకానికీ అయింది. పని ఎలా జరుగుతోందో చూడాలనుకునేవారు ఉదయం ఎండ ముదరక ముందే వెళ్లడం మంచిది, మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడడం ఎవరి తరమూ కాదు.