బిగుసుకుపోయిన గీతకు ఏది మేలు: గెస్చరా, బ్లైండ్ కాంటూరా, బ్రష్షా?

బొమ్మ కొయ్యబారిపోతోందంటే అందరూ చెప్పే చిట్కా ఒక్కటే: "ఫాస్ట్‌గా గీయండి". కానీ బిగింపు ఎక్కడుందో తెలియకుండా వేగం పెంచితే అదే కొయ్యబొమ్మ ఇంకాస్త వంకరగా వస్తుంది, అంతే. ముందు పాత స్కెచ్‌బుక్ నాలుగు పేజీలు తిప్పండి. గీత వెంట్రుకల్లా ముక్కలు ముక్కలుగా ఉంటే బిగింపు వేళ్లలో ఉంది. నడిచేవాడూ నిలబడ్డవాడూ ఒకేలా అటెన్షన్‌లో ఉంటే, మీరు అంచు ముందు గీసి తర్వాత లోపల నింపుతున్నారు. ప్రతి కన్నూ బాదంగింజే అయితే, మీ చూపు ఎదుటి మనిషిని వదిలేసి కాగితానికే అతుక్కుపోయింది.

అంచు జబ్బుకు మందు గెస్చర్, అంటే అంచులు వదిలేసి ఒంటి ఊపునూ బరువునూ కొద్ది గీతల్లో గబగబా పట్టుకోవడం. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి నడిచే ఆవిడను చూడండి. మొదటి గీత మెడ నుంచి బరువు ఆనిన కాలి మడమ దాకా ఒకే ఊపులో రావాలి. రెండోది నడుము వాలు, మూడోది భుజాల వాలు. మామూలుగా ఒంటికాలిమీద బరువేసి నిలబడ్డ మనిషిలో నడుము ఒకవైపు లేస్తే భుజాలు రెండోవైపు లేస్తాయి. తట్ట ఉన్నప్పుడు మాత్రం భుజాలు దాదాపు సమంగానే ఉంటాయి, ఊపంతా నడుములోనే తిరుగుతుంది. ఆ తేడా పట్టుకుంటే తట్ట గీయకపోయినా బరువు కనిపిస్తుంది.

ఏ3 న్యూస్‌ప్రింట్ కాగితం, 6బీ (మెత్తటి, నల్లటి) పెన్సిల్ లేదా చార్‌కోల్ పుల్ల చాలు. పెన్సిల్‌ను రాసేటట్టు కాకుండా అడ్డంగా, అరచేయి కిందికి వచ్చేలా పట్టుకుని భుజం నుంచి గీయాలి. చిన్న పుస్తకంలో ఇది కుదరదు, మోచేయి కదలడానికే చోటుండదు. 30 సెకన్ల బొమ్మలు పది, నిమిషంవి ఐదు, ఐదు నిమిషాలవి రెండు: మొత్తం 20 నిమిషాలు. రబ్బరు ఇంట్లోనే వదిలేయండి. చాలామంది తప్పేది తల దగ్గర. ముఖానికే 15 సెకన్లు పోతే కాళ్లకు టైముండదు, అందుకే తల చివర్లో పెట్టండి. మరో మోసం, అంచునే గబగబా గీసేసి దాన్ని గెస్చర్ అనుకోవడం.

మనిషి ఐదు సెకన్లలో వెళ్లిపోతే? ఐసు ఎత్తేవాళ్లు, వల లాగేవాళ్లు అదే పని మళ్లీ మళ్లీ చేస్తారు. ఒకే పేజీలో మూడు భంగిమలు మొదలుపెట్టి, ఏది తిరిగొస్తే దానికి నాలుగు గీతలు చేర్చుకుంటూ పోవచ్చు.

బ్లైండ్ కాంటూర్ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. కాగితం వైపు చూడకూడదు, పెన్ను ఎత్తకూడదు, చీమ పాకినంత నెమ్మదిగా వస్తువు అంచు వెంట కన్నూ పెన్నూ కలిసి నడవాలి. దొంగచూపు ఆగకపోతే అట్టముక్కకు చిల్లు పెట్టి పెన్ను అందులోంచి దూర్చండి, చెయ్యి కనిపించదు. ఐదు నిమిషాల తర్వాత బొమ్మ భయంకరంగా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఇది చేతిని వదులు చెయ్యదు, చూపును సరిచేస్తుంది. బాదంగింజ కళ్లకు ఇదే మందు. చెయ్యి బిగుసుకున్నవాళ్లు దీన్నే గంటలకొద్దీ చేస్తే ఇంకా బిగుస్తారు.

వెంట్రుకల గీతకు బ్రష్ పనిచేస్తుంది. 8వ నంబరు రౌండ్ బ్రష్, నీళ్లు కలిపిన ఇండియన్ ఇంకు ఉంటే ముక్కలు ముక్కలుగా గీయడం కుదరనే కుదరదు. చిక్కేమిటంటే, బ్రష్ అదృష్టవశాత్తూ అందమైన గీతలు ఇచ్చేస్తుంది, దాంతో చూడటం మానేసి ఆ గీతనే వాడేస్తూ పోతాం. మన సముద్రపు గాలి తేమకు ఇంకు త్వరగా ఆరదు. పుస్తకం మూసేస్తే ఎదురు పేజీకి అంటుకుంటుంది కాబట్టి మధ్యలో బటర్ పేపర్ పెట్టండి. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పాకిపోతుంది, కనీసం 150 జీఎస్ఎమ్ మందం ఉన్న కార్ట్రిడ్జ్ (డ్రాయింగ్) కాగితమైనా కావాలి.

ఒక్కటే ఎంచుకోమంటే గెస్చరే. మూడు వారాలు రోజూ 20 నిమిషాలు, దానికి ముందు ఐదు నిమిషాలు బ్లైండ్ కాంటూర్. బ్రష్ ఆ తర్వాతే, ముందే పట్టుకుంటే బలహీనతలన్నీ దాచేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. అప్పుడు తట్టలూ వేలంపాటలూ తగ్గి మర పడవలు లంగరేసుకుని ఉంటాయి, వలలు బాగుచేసుకునేవాళ్లు గంటలకొద్దీ ఒకే చోట కూర్చుంటారు. గెస్చర్ కోసం బీచ్ రోడ్‌లో వాకింగ్ చేసేవాళ్ల దగ్గరికి మారిపోయి, హార్బర్‌ను కాంటూర్‌కు ఉంచుకోండి. ఆ ఎండలో అరచేతి చెమటకు చార్‌కోల్ చెదిరిపోతుంది, చేతికింద ఒక చిత్తుకాగితం వేసుకోండి.