మూడు ఎండాకాలాలు వాడిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్

నిద్రలో ఉన్న మా చిన్నపాపకు చంకలో థర్మామీటర్ పెడితే ఉలిక్కిపడి లేచి, మళ్లీ గంటసేపు ఏడుస్తూ ఉండేది. ఆ బాధ తప్పుతుందనే మూడేళ్ల కిందట నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక మందుల దుకాణంలో 1,100 రూపాయలు పెట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను. ఆ ఒక్క పనికి అది ఇప్పటికీ ఎంతో ఉపకరిస్తోంది. లైటు వేయకుండా నుదుటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని మీట నొక్కితే, క్షణంలో అంకె కనబడుతుంది. పాప కదలదు కూడా.

చిక్కంతా మన ఎండలతోనే వచ్చింది. ఈ పరికరం శరీరం లోపలి వేడిని నేరుగా కొలవదు. చర్మం వెలువరించే ఉష్ణ కిరణాలను గ్రహించి, దాన్నిబట్టి లెక్కకడుతుంది. మే నెల మధ్యాహ్నం బజారు నుంచి వచ్చిన మా అత్తమ్మకు 100.8 చూపించింది, ఫ్యాను కింద అరగంట కూర్చున్నాక 98.2కు దిగింది. ఇది భయపెట్టిందే తప్ప నష్టం చేయలేదు. దీనికి తలకిందులుగా జరిగిన సంగతి మాత్రం నేను మరచిపోలేను. ఒళ్లు కాలిపోతున్న పాప నుదుటిమీద తడిగుడ్డ వేసి, కూలర్ ఎదుట పడుకోబెట్టి చూస్తే 98.1 వచ్చింది. చేతికి తగిలే వేడికీ ఆ అంకెకూ పొంతన కుదరక, గుడ్డ తీసి, నుదురు పొడిగా తుడిచి, కూలర్ ఆపి, పావుగంట ఆగి చూస్తే 101.6 ఉంది. మొదటి అంకెను నమ్మి పడుకుని ఉంటే ఏమయ్యేదోనన్న దిగులు నాకు ఇంకా పోలేదు.

ఆ తర్వాతే డబ్బా మీది చిన్న అక్షరాలు చదివాను: 10 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న గదిలోనే వాడాలని ఉంది. మా రేకుల గది మధ్యాహ్నంపూట ఆ హద్దు దాటుతుంది. దుకాణదారు ఈ మాట చెప్పనేలేదు. కాబట్టి కొనేవారు ధరకంటే ముందు ఆ వరుస చదవాలని గట్టిగా కోరుతున్నాను. బండి డిక్కీలో తెచ్చిన పరికరాన్ని గదిలో అరగంట ఉంచాకే వాడాలి.

దుకాణంలోనే ఒకే మనిషికి వరుసగా మూడుసార్లు చూడండి. అంకెల మధ్య తేడా 0.4 ఫారెన్‌హీట్ దాటితే తీసుకోకండి. ఎర్రటి లేజర్ చుక్క పడేవి యంత్రాల వేడి చూసేవి. చవకగా దొరికినా, వాటిలో ఒకటి రెండు సెల్సియస్ డిగ్రీల తేడా మామూలే కనుక ఒంటికి పనికిరావు. ఒంటి వేడికీ వస్తువుల వేడికీ వేర్వేరు మీటలు ఉంటే ఏది నడుస్తున్నదో తెర మీద స్పష్టంగా కనిపించాలి. మా దానిలో వేలు తగిలి అది మారిపోతే, పాపకు 93 చూపించి ప్రాణం పోయినంత పని చేసింది. సెల్లు తగ్గినా అంకెలు నమ్మలేము. కటకం మీద దుమ్మును నెలకోసారి స్పిరిట్ అద్దిన దూదిపుల్లతో తుడుస్తున్నాను.

150 రూపాయల మామూలు డిజిటల్ థర్మామీటర్‌ను కూడా అదే డబ్బాలో ఉంచుకున్నాము. నుదుటి దగ్గర 99.5 దాటినా, చేతికి వేడి తగిలినా దానితో మళ్లీ చూసి, డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు చంకలో వచ్చిన అంకెనే చెబుతున్నాను.