చెట్లు వేయడానికి సాఫ్ట్ పేస్టల్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

చెట్ల బొమ్మలు వేయడానికి ఏ రంగులు కొనాలని ఎవరైనా అడిగితే నేను సాఫ్ట్ పేస్టల్స్ కొనమనే చెబుతాను. కాకపోతే రంగుల కన్నా ముందు మంచి కాగితానికి డబ్బులు ఖర్చుపెట్టమంటాను. కొన్నేళ్లుగా నా సంచిలో ఉంటున్నది కొరియా కంపెనీ ముంగ్యో వాళ్ల 64 రంగుల పెట్టె, సగం సైజు ముక్కలది. అంతకుముందు ఆయిల్ పేస్టల్స్ వాడేదాన్ని. అవి బడి రోజుల నుంచి అందరికీ అలవాటే, చవక కూడా. కానీ వాటిలో ఉండేది మైనం, నూనె. హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిందంటే మెత్తబడి వేళ్లకు అంటుకుంటాయి, సన్నగా గీయబోయిన కొమ్మ లావుగా పడుతుంది. సాఫ్ట్ పేస్టల్‌లో ఉండేది రంగు పొడి, సుద్ద, వాటిని పట్టి ఉంచడానికి కాస్త జిగురు. ఎండకు కరిగేదేమీ లేదు. ఇక్కడ గుల్‌మొహర్లు విరగబూసేది సరిగ్గా ఆ ఎండల్లోనే కాబట్టి నాకిది పెద్ద విషయమే.

ఆకుపచ్చ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏ పెట్టె కొన్నా అందులోని పచ్చలు నేరుగా పూస్తే చెట్టు ప్లాస్టిక్ చెట్టులా కనిపిస్తుంది. వేపచెట్టు వేసేటప్పుడు నేను ముందు పట్టుకునేది వంగపండు రంగు. గుబురులో నీడ చిక్కగా ఉన్న చోటల్లా ముక్కను అడ్డంగా పడుకోబెట్టి తేలిగ్గా రాస్తాను. దాని మీద ముదురు నీలం, ఆ పైన ముదురు ఆకుపచ్చ. ఎండ తగిలే ఆకులకు మాత్రం పసుపు కలిసిన లేత పచ్చ, అదీ చివర్లో, గట్టిగా ఒక్కసారి నొక్కి వదిలేయాలి. వేలితో రుద్దొద్దు. రుద్దితే కాగితం గరుకు పూడిపోయి ఆకులన్నీ ఒకే ముద్దవుతాయి. కొమ్మల సందుల్లోంచి కనిపించే ఆకాశం ముక్కల్ని అన్నిటికన్నా ఆఖర్న వేస్తాను. అవి బయటి ఆకాశం కన్నా కొంచెం ముదురుగా ఉండాలి, లేకపోతే చెట్టుకు చిల్లులు పొడిచినట్టు ఉంటుంది. కానుగ చిగురు వేసే రోజుల్లో మాత్రం ఈ తంటా ఏమీ లేదు, పెట్టెలోని చిలకపచ్చ ఉన్నదున్నట్టు సరిపోతుంది!

కాగితం సంగతి. మామూలు డ్రాయింగ్ షీటు నున్నగా ఉంటుంది, రెండో పొరకే రంగు నిలవక జారిపోతుంది. నేను ఎక్కువగా వాడేది కాన్సన్ కంపెనీ మి-తేంత్ కాగితం, 160 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 160 గ్రాముల బరువు). దానికి ఒకవైపు గళ్లగళ్ల గరుకు, రెండోవైపు సన్న గరుకు ఉంటాయి. చెట్లకు సన్న గరుకు వైపే బాగుంటుంది, గళ్లు ఆకుల మధ్య నుంచి పైకి కనబడవు. తెల్లది కాకుండా గోధుమరంగుదో బూడిదరంగుదో తీసుకోండి. రంగు పడని చోట కాగితమే బెరడుగానో మట్టిగానో పనికొస్తుంది. పేస్టల్‌మ్యాట్ అనే కాగితం ఇంకా ఎక్కువ పొరలు పడుతుంది కానీ ఖరీదు ఎక్కువ, పెద్ద బొమ్మలకే దాచుకుంటాను.

ఈ రంగుల సత్తా చూడాలంటే గోల్కొండ నయా ఖిలాలో ఉన్న బావోబాబ్ దగ్గర కూర్చోవాలి. హతియాన్ కా ఝాడ్ అంటారే, ఆ ఆఫ్రికా చెట్టు. ఆకులు రాలినప్పుడు వెళ్తే బూడిదరంగు మాను, దాని మడతలు మొత్తం కనిపిస్తాయి. గోధుమరంగు కాగితం మీద బూడిదరంగు ముక్కను పడుకోబెట్టి పైనుంచి కిందికి లాగితే ఆ బెరడు దానంతటదే వచ్చేస్తుంది. మడతల లోపల కాస్త వంగపండు రంగు, ఎండ వైపు లేత గులాబీ రాస్తే చాలు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లకు ఇంత సుఖం లేదు. ఊడలు సన్నగా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ముంగ్యో ముక్కలు పలకలుగా ఉంటాయి కాబట్టి వాటి అంచుతో గీస్తాను, అంచు అరిగితే ముక్కను విరిచేస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పొడి రాలుతూనే ఉంటుంది. నోటితో ఊదకండి, బోర్డును నిలబెట్టి వెనక నుంచి తట్టండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మంచం మీద, సోఫా మీద పెట్టుకుని వేయొద్దు. పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సెటివ్ స్ప్రే కొడితే లేత రంగులు ముదురుతాయి, కష్టపడి వేసిన ఎండంతా పోతుంది. అందుకే నేను కొట్టను. బొమ్మకూ బొమ్మకూ మధ్య గ్లాసిన్ అనే నున్నటి పల్చని కాగితం పెడతాను. ఫ్రేమ్ కట్టించేటప్పుడు మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట అంచు) పెట్టించి, అద్దం బొమ్మకు తగలకుండా చూడమని గట్టిగా చెప్పండి. వానాకాలంలో ఆ ఖాళీ లేకపోతే అద్దం లోపలి తేమకు బూజు పట్టొచ్చు. ఇంకొకటి, ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి నేను తెప్పించిన పెట్టెలో లేత రంగులు సగం పొడై వచ్చాయి, వాపసు కూడా తీసుకోలేదు. కుదిరితే దుకాణానికి వెళ్లి పెట్టె తెరిచి చూసి కొనుక్కోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 64 రంగులు అక్కర్లేదు, 32 చాలు. చెట్లకు తొందరగా అయిపోయేవి తెలుపు, లేత పసుపు, ముదురు వంగపండు రంగు. ఈ మూడూ విడిగా అమ్మే దుకాణం ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.