టీయూ-142: పదమూడేళ్లు వాడినవాడి మాట

మొన్న మా రిపేరు షాపులో ఒక కుర్రాడు ఫోను చూస్తూ కొత్త పంపుసెట్టు గురించి పైకి చదువుతున్నాడు. "రెండు నెలలు వాడాను, సూపర్, ఐదు స్టార్లు." రెండు నెలల్లో మోటారు గురించి ఏం తెలుస్తుంది? ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, నాలుగు లోవోల్టేజీ సాయంత్రాలు చూడాలి కదా. నేను పదమూడేళ్లు వాడిన మోటారు ఒకటుంది. ఒక్కోటి సుమారు 15,000 గుర్రాల బలం, అలాంటివి నాలుగు, వాటికి తగిలించిన ఒక విమానం. టుపోలెవ్ టీయూ-142, మన నేవీకి సముద్రం మీద గస్తీ తిరిగిన రష్యా విమానం. కొనుక్కుందామన్నా దొరకదు. అయినా వాడినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. 1936లో ఒడిశాని వేరు చేసి గీత గీసినప్పుడు మా తాతలు ఇటు పడ్డారు. చిన్నప్పుడు నేను చూసిన అతి పెద్ద యంత్రం నౌపడ-గుణుపురం చిన్నరైలు ఇంజను. రెండున్నర అడుగుల పట్టాల మీద తాపీగా వచ్చేది, దాని వెనక పరిగెత్తి ఎక్కేవాళ్లం. అలాంటివాణ్ణి 1984లో చిలకా సరస్సు ఒడ్డున ఐఎన్ఎస్ చిలకాలో నావికుడిగా చేరి, కొచ్చిలో విమానాల పని నేర్చుకుని, గోవాలో దబోలిం ఎయిర్‌ఫీల్డులో ఐఎన్ఎస్ హంస అనే నేవీ బేసుకి వెళ్లి పడ్డాను. ఓడ ఎక్కుదామని నేవీలో చేరితే స్పానరు చేతికిచ్చారు.

అప్పటికి గోవాలో సముద్రం మీద గస్తీ తిరిగేవి ఐఎల్-38లు. 1977లో వచ్చాయి. వాటికి ముందు ఆ పని చేసిన సూపర్ కాన్‌స్టలేషన్ల కబుర్లు సీనియర్లు చెబుతుండేవారు. మూడు తోకల విమానం. మొదట ఎయిర్ ఇండియా జనాన్ని మోసింది, తర్వాత ఎయిర్‌ఫోర్సుకి వెళ్లింది, చివరికి 1976లో మా నేవీకి వచ్చింది. రెండిళ్లు మారి మా ఇంటికొచ్చిన పాత కుట్టుమిషను లాంటిదన్నమాట. ఇప్పుడు గోవాలో నావికాదళ విమానాల మ్యూజియంలో ఒకటుంది, వెళ్లినవాళ్లు చూడండి. తీరైన విమానం, వంపు తిరిగిన నడుము.

1988 మార్చి 30న మొదటి మూడు టీయూలు దిగాయి. ముందు కనపడలేదు, వినపడ్డాయి. రోడ్డు రోలరూ ఊళ్లోని రైసుమిల్లూ కలిసి ఆకాశంలో తిరుగుతున్నట్టు ఒక మోత. తర్వాత వెండి రంగులో పొడుగ్గా, వెనక్కి వాలిన రెక్కలతో వచ్చింది. 53 మీటర్ల పొడవు, రెక్క కొస నుంచి కొసకి 50 మీటర్లు. ఒక్కో ఇంజనుకి రెండు ప్రొపెల్లర్లు, ఒకదాని వెనక ఒకటి, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. ఏప్రిల్ 16న మా స్క్వాడ్రన్ 312 లెక్కలోకి ఎక్కాయి. మొత్తం ఎనిమిది కొన్నారు.

అసలు సమీక్ష ఇక్కడ మొదలు. ఈ విమానానికి గుండె ఎన్‌కే-12 ఇంజను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రష్యావాళ్లు పట్టుకుపోయిన జర్మన్, ఆస్ట్రియన్ ఇంజనీర్లు కుజ్నెత్సోవ్ బృందంలో ఉండి తయారు చేసిన దాని సంతానం. అంత బలమైన టర్బోప్రాప్, అంటే టర్బైనుతో ప్రొపెల్లరుని తిప్పే ఇంజను, మరొకటి వాడుకలోకి రాలేదు. ప్రొపెల్లరు నిమిషానికి 750 చుట్లే తిరుగుతుంది, మా షాపులో మామూలు మోటారు అందులో రెట్టింపు తిరుగుతుంది. కానీ ఆ ప్రొపెల్లరు వ్యాసం అయిదున్నర మీటర్ల పైచిలుకు. నడిమి నెమ్మదిగానే ఉంటుంది, కొస మాత్రం గాల్లో ముందుకు దూకే వేగం కూడా కలిసి ధ్వనివేగాన్ని దాటేస్తుంది. ఆ మోత అక్కడిది. ప్రొపెల్లరుండీ గంటకి తొమ్మిది వందల కిలోమీటర్లు పోయేది, జెట్లు కూడా తిరిగి చూసేవి.

చెవుల్లో దూది, దాని మీద ఇయర్‌మఫ్‌లు. అయినా మోత చెవిలోంచి రాదు, దంతాల్లోంచి వస్తుంది. పని దిగి మెస్సులో కూర్చుంటే పప్పు గిన్నె మోగుతున్నట్టుండేది. ఇప్పుడు నాకు కుడి చెవి సగమే. దీని గురించి ఒక ఆఫీసుకి కాగితాలు పెట్టుకుంటే, వయసు వల్ల వచ్చిందని ఒక ముక్క రాసి తిప్పి పంపారు. మా నాన్నకి ఎనభై ఏళ్లప్పుడు కూడా వీధి చివర కొబ్బరికాయ పడితే వినపడేది. సరే, అది వేరే సంగతి.

విమానం చేసే పనేమిటో చెప్పాలి కదా. సముద్రంలో మునిగి తిరిగే సబ్‌మెరైన్ని వెతకడం. సోనోబాయ్ అనే గొట్టాన్ని పై నుంచి వదిలేస్తారు. అది నీళ్లలో తేలుతూ, కింద తీగ చివర మైకు వేలాడదీసి, అడుగున వినపడిందల్లా రేడియోలో విమానానికి పంపుతుంది. లోపల ఒక మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కూర్చుంటాడు. ప్రపంచంలో ఇంత గోల చేసే విమానంలో కూర్చుని, సముద్రంలో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండేదాన్ని వినాలి! వాళ్ల ఓర్పుకి దణ్ణం. వచ్చిన ఏడాదే నవంబరులో, మాల్దీవుల గొడవప్పుడు, కిరాయి సైనికులు బందీలతో పారిపోతున్న 'ప్రోగ్రెస్ లైట్' ఓడని వెతకడానికి మా విమానాలు వెళ్లాయి. తిరిగొచ్చాక మాకు దక్కింది ఆయిలు మరకలు తుడిచే పనే అనుకోండి.

గాల్లో నిలవడంలో దీనికి సాటి లేదు. ఎనభై టన్నులకు పైగా ఇంధనం పోస్తే రెక్కల కొసలు బరువుకి వాలిపోయేవి, లేచాక మళ్లీ విల్లులా పైకి వంగేవి. పొద్దున బయల్దేరితే రాత్రికి దిగేది. లోపల సుఖం మాత్రం అడక్కండి. సీట్లు రష్యావాళ్ల ఒళ్లకి కొలిచి చేసినవి. ప్రమాదంలో మనిషిని బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లు లేవు. ముందు కేబిన్లో వాళ్లకీ తోకలో కూర్చున్నవాళ్లకీ మాటలు ఇంటర్‌కామ్‌లోనే.

రాతలన్నీ రష్యన్‌లో ఉండేవి. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు లిపులు వచ్చినవాణ్ణి, అయిదోది ఎంత అనుకున్నాను. ఇంగ్లీషు 'పి' లాంటి అక్షరం వాళ్లకి 'ర' అట, 'హెచ్' లాంటిది 'న' అట. వారం రోజులు తల తిరిగిపోయింది. 'మాస్లో' అంటే ఆయిలు, 'తోప్లివో' అంటే ఇంధనం. మా మసిగుడ్డకీ మాస్లోకీ ఏదో చుట్టరికం ఉందని నవ్వుకునేవాళ్లం.

ఇక మెయింటెనెన్స్. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు టీయూ ఇంజన్ మార్చి చూడలేదు. ఏనుగుని మేపడం సులువు, దానికి కనీసం దేశవాళీ గడ్డి సరిపోతుంది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయాక ఒక్కో విడిభాగానికి కళ్లు కాయలు కాసేవి. ఓవర్‌హాల్‌కి విమానం రష్యాలో తగన్‌రోగ్ వెళ్లాల్సిందే, వెళ్లిందంటే ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి.

ఒక్క రోజు గురించి చెబుతాను. మా దగ్గర పనిముట్ల పలక ఉండేది, ప్రతి స్పానరు ఆకారం దాని మీద నల్ల రంగుతో గీసి ఉంటుంది. సాయంత్రం ఏ ఆకారం ఖాళీగా ఉంటే ఆ పనిముట్టు విమానంలో ఉండిపోయినట్టు లెక్క, దొరికేదాకా విమానం ఎగరదు. ఒకనాడు పది నంబరు స్పానరు లేదు. దానితో పని చేసింది నేను. కౌలింగులు, అంటే ఇంజను మీది మూతలు, మళ్లీ విప్పాం. టార్చి పట్టుకుని ఇంజను కింద పాక్కుంటూ వెతికాం, అద్దం కర్రకి కట్టి మూలలు చూశాం. రాత్రి తొమ్మిదయ్యింది. పదకొండయ్యింది. పన్నెండుగురు మనుషులు, భోజనాలు లేవు, ఎవడూ నా మొహం చూడడు. చివరికి గ్రీజు డబ్బా మారుస్తున్నవాడికి అడుగున తగిలింది. ఎప్పుడు జారిపడిందో! మా చీఫ్ ఏమీ అనలేదు. స్పానరు కడిగి నా చేతికిచ్చి "తగిలించు" అన్నాడు. తిట్టినా బాగుండును. ఈ రోజుకీ మా షాపులో గోడ మీద పనిముట్ల ఆకారాలు గీసి ఉంటాయి. మా కుర్రాళ్లు నవ్వుతారు.

1992లో అరక్కోణం మారాం. మార్చి 11న ఐఎన్ఎస్ రాజాళి మొదలైంది, యుద్ధకాలం నాటి పాత ఎయిర్‌ఫీల్డు, నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే. నేవీ బేసే కానీ సముద్రం కనపడదు. మద్రాసు నుంచి డెబ్భై కిలోమీటర్లు లోపలికి. రాజాళి అంటే తమిళంలో వేటపక్షి. వైజాగ్ బేసు పేరేమో ఐఎన్ఎస్ డేగ, అచ్చ తెలుగు. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం రెక్క మీద చెయ్యి పెడితే దోసె వేసినట్టే. కానీ నా మటుకు నాకు గోవా కంటే ఇదే మంచి పోస్టింగు. మద్రాసులో మెయిలెక్కితే పలాసలో దిగొచ్చు, అక్కణ్ణుంచి బస్సు. గోవా నుంచైతే ఇంటికొచ్చేసరికి సగం సెలవు రైళ్లలోనే అయ్యేది.

ఒకే ఒక్కసారి, వేరే బేసు పనికి వెళ్తూ, టెక్నికల్ క్రూగా ముందు కేబిన్లో కూర్చుని తీరం వెంట ఉత్తరానికి వెళ్లాను. బారువ దాటాక ఎడమచేతి వైపు మహేంద్రగిరి కనిపించింది. దాని వెనక ఎక్కడో మా ఊరు, మా అమ్మ. పక్కనున్న పంజాబీ ఫ్లయిట్ ఇంజనీరుకి వేలు పెట్టి చూపించాను. అతను ఆయిల్ ప్రెషర్ ముల్లు చూసుకుంటున్నాడు.

ఐఎల్-38తో పోల్చమని అడుగుతారు కొందరు. అది ఐఎల్-18 ప్రయాణికుల విమానం నుంచి పుట్టింది, ముందు బరువు పెరిగిందని రెక్కల్నే ముందుకి జరిపారు. మెకానిక్‌కి అదే సుఖం. నిచ్చెనలు చిన్నవి, ఇంజన్లు మాట వింటాయి. దూరం పోవాలంటే టీయూ. చేతులు పది కాలాలు బాగుండాలంటే ఐఎల్. 2002 అక్టోబరు 1న, ఐఎల్‌ల స్క్వాడ్రన్ పాతికేళ్ల పండుగ నాడే, గోవాలో రెండు ఐఎల్‌లు గాల్లో ఢీకొన్నాయి. లోపలున్న పన్నెండు మందీ పోయారు. ఆ రోజు అరక్కోణంలో మా హ్యాంగర్లో రేడియో కట్టేశాం. 2023 అక్టోబరు 31న చివరి ఐఎల్‌కి కూడా వీడ్కోలు చెప్పారు.

మా టీయూలు అంతకంటే ముందే, 2017 మార్చి 29న దిగిపోయాయి. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క ప్రమాదం లేదు. వాటి స్థానంలోకి వచ్చిన పీ-8ఐల్ని నేను వాడలేదు, 2004లోనే పెన్షన్ తీసుకున్నాను, కాబట్టి వాటి గురించి మాట్లాడను.

వాటిలో ఒకటి వైజాగ్ బీచ్ రోడ్డులో, కుర్సురా సబ్‌మెరైన్‌కి ఎదురుగా, మ్యూజియంగా ఉంది. జీవితమంతా సబ్‌మెరైన్ల కోసం వెతికినదాన్ని తెచ్చి ఎదురుగానే ఒకదాన్ని పెట్టడం ఎవరి ఆలోచనో గానీ బాగుంది. పోయిన సంక్రాంతికి మనవణ్ణి తీసుకెళ్లాం. పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువ. లోపలికి దూరిపోకుండా ముందు వెనక్కి నడిచి తోక కింద నిలబడి పైకి చూడండి, 23 మి.మీ. తుపాకుల గూడు అక్కడుంటుంది, చాలామంది చూడకుండానే వెళ్లిపోతున్నారు. సోనోబాయ్‌లు, ఇంజను కూడా విడిగా పెట్టారు. మోత లేదు. "ఇంతేనా తాతా?" అన్నాడు వాడు. నోటితో చేసి చూపించబోతే మా ఆవిడ "ఏవండీ, అందరూ చూస్తున్నారు" అంది.

ఇంజను దగ్గర ఆగాను. బోల్టులు వదులవకుండా జతజతకి కట్టే లాకింగ్ వైరు ఉంటుంది. బోల్టు బిగిసే వైపుకే లాగుతూ మెలేయాలి, తెగిన కొసని లోపలికి వంచి దాచాలి, లేకపోతే తర్వాత చెయ్యి పెట్టినవాడి వేలు కోసుకుపోతుంది. కళ్లజోడు తీసి వంగి చూశాను. మెలికలు దగ్గర దగ్గరగా, సమంగా ఉన్నాయి. కొస లోపలికి వంచి ఉంది.

"మావాళ్ల పనే" అన్నాను. వాడప్పటికే సబ్‌మెరైన్ వైపు పరిగెత్తాడు.