తిరుపతిలో చిన్న పుస్తకం అచ్చు: కాగితానికి భయం లేదు, అక్షరానికే కాపలా కావాలి

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు గురించి ఇది. పేరు అక్కర్లేదు, ఇక్కడ రాసినవాటిలో ముప్పాతిక ఊళ్లో ఏ ప్రెస్సుకు వెళ్లినా పనికొస్తాయి. కాగితం, అచ్చు, కుట్టు వాళ్లకు వదిలేసి హాయిగా టీ తాగొచ్చు. టైపు మాత్రం ఒక్క పేజీ కూడా వదలకూడదు.

వేయించిన పుస్తకం మట్టెర్స్‌బుర్గ్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర. ఆస్ట్రియా తూర్పు కొసన, బుర్గెన్‌లాండ్ రాష్ట్రంలో సుమారు 7 వేల జనం ఉండే ఊరది. మన పుత్తూరులో నాలుగు వీధులంత. 1922లో పుట్టిన ఆ క్లబ్బు 2003లో దేశంలోని మొదటి డివిజన్‌కు ఎక్కింది. 2006/07 సీజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. 2006లో, 2007లో కప్పు ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ వియన్నా క్లబ్బు ఆస్ట్రియా వీన్ చేతిలోనే ఓడింది. క్లబ్బు అధ్యక్షుడే ఊళ్లోని బ్యాంకుకూ పెద్ద. 2020 జూలైలో ఆ బ్యాంకు మూతపడితే ఆగస్టుకల్లా క్లబ్బు కూడా చేతులెత్తేసింది. ఒక్క స్పాన్సరు మీద బతికే జట్లు మన యూనివర్సిటీ గ్రౌండులోనూ ఉన్నాయి కాబట్టి తెలుగులో వేసి మన టోర్నీలో పంచాలన్నది ఉద్దేశం.

సైజు డెమ్మీ 1/8, అంటే డెమ్మీ షీటును ఎనిమిది ఆకులుగా మడిచినంత. లోపల 64 పేజీలు ఒకే రంగు, మధ్యలో ఫొటోలకు 8 పేజీల ఆర్ట్ పేపరు, 300 కాపీలు. డెమ్మీ షీటు రెండు వైపులా అచ్చు వేస్తే 16 పేజీల ఫారం వస్తుంది కాబట్టి 64 అంటే సరిగ్గా 4 ఫారాలు. 66 పేజీలు తీసుకెళ్తే మిగతా రెండింటికీ విడిగా ప్లేటు (అచ్చు తీసే లోహపు రేకు), విడిగా కాగితం పడతాయి. మేటర్ కోసి 64కు తేవడమే నయం. కాగితం లెక్క కూడా తేలికే. 4 ఫారాలు, 300 కాపీలు కలిపి 1200 షీట్లు. మెషీన్ సెట్ అయ్యేదాకా పాడయ్యేవి, మడతలో చిరిగేవి వందో నూటయాభయ్యో వేసుకున్నా మూడు రీములు దాటదు. ఇంతకు మించి చెబితే ఎందుకని అడగాలి. ఈ ప్రెస్సు వాళ్లు అడక్కుండానే లెక్క రాసిచ్చారు, మిగిలిన కాగితం కట్ట కట్టి తిరిగిచ్చారు. అంత నిజాయితీ ఈమధ్య అరుదు.

పుస్తకాలకు వాడే మామూలు కాగితం మ్యాప్‌లిథోలో 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) కంటే 80 తీసుకోవడం మంచిది. 70లో వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడతాయి, పాయింట్ల పట్టికలున్న పేజీల్లో అది మరీ చికాకు. పాలతెలుపు కంటే కొంచెం పసుపు తిరిగిన నేచురల్ షేడ్ కంటికి హాయి. కవరుకు 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్.

ఇక అక్షరం. ప్రెస్సులో పని ఇంకా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్ల మీదే. మనం ఫోన్లోనో కంప్యూటర్లోనో కొట్టేది యూనికోడ్. దాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తారు. తెలుగు మాటలు చాలావరకు బాగానే వస్తాయి. చిక్కంతా పరాయి పేర్లతోనే. ‘ఫుట్‌బాల్’లో ట్‌కూ బాకూ మధ్య కంటికి కనబడని ఒక విడదీత గుర్తు ఉంటుంది. కన్వర్టర్ దాన్ని మింగేస్తుంది. దాంతో ట కింద బ వత్తు పడి ‘ఫుట్బాల్’ అవుతుంది. ‘మట్టెర్స్‌బుర్గ్’దీ అదే గతి, అక్కడా బ కిందికి దిగి వత్తవుతుంది. 64 పేజీల్లో ఈ రెండు మాటలే వందలసార్లు వస్తాయి. ఒక్కొక్కటి దిద్దితే తెల్లారిపోతుంది. మార్చిన తర్వాత తప్పుగా వచ్చిన రూపాన్ని వెతికించి, ఒకేసారి సరైన రూపంతో మార్పించాలి. ఏయే మాటల్లో ఈ చిక్కుందో ముందే చీటీ మీద రాసి ఆపరేటరు చేతిలో పెట్టాలి.

కానీ ఒకేసారి మార్చడమే ఇంకో కొంప ముంచింది. ఆ ఊరి పేరు 1924 దాకా మట్టెర్స్‌డోర్ఫ్. అంటే క్లబ్బు పుట్టిన 1922లో మట్టెర్స్‌బుర్గ్ అన్న పేరే లేదు. మొదటి అధ్యాయంలో సరిగ్గానే రాసి ఇస్తే, పొరపాటు పడిందేమోనని ఆపరేటరు అన్నిటినీ మట్టెర్స్‌బుర్గ్ చేసేశాడు. ‘1924లో మట్టెర్స్‌బుర్గ్ పేరు మట్టెర్స్‌బుర్గ్‌గా మారింది’ అన్న వాక్యం రెండో ప్రూఫులో దొరికింది కాబట్టి సరిపోయింది. ముందుమాటలోనూ ఇదే వరస. తిరుపతి జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ 4కు ముందు జరిగిన మన ఊరి టోర్నీల పక్కన ‘తిరుపతి, చిత్తూరు జిల్లా’ అని ఉండడమే సరైంది. అక్కడ జిల్లా పేరు కూడా మార్చేశారు. మంచి మనసుతో చేసిన తప్పే, అయినా తప్పు తప్పే. ‘ఈ మాటలు ముట్టుకోవద్దు’ అని ఒక జాబితా మేటర్‌తోపాటే ఇవ్వాలి.

సీజన్ అంకెలు కూడా చూసుకోవాలి. ‘2006/07’ లైను చివర పడితే గీత దగ్గర విరిగి ‘07’ కింది లైనుకు పోతుంది. అక్షరం సైజు 13 పాయింట్లు పెడితే లైను నుంచి లైనుకు కనీసం 17 ఉండాలి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల్ని రాసుకుంటాయి. పేజీలు తగ్గించడానికి ప్రెస్సు వాళ్లు మొదట బిగించేది ఇక్కడే.

ఫొటోల్లో మాత్రం వీళ్ల పనితనానికి వంక పెట్టలేం. పాత పేపరు కటింగును ఉన్నదున్నట్టు స్కాన్ చేసి అచ్చు వేస్తే అచ్చు ఫొటోలో ఉండే సన్నని చుక్కలు, పాతవీ కొత్తవీ కలిసి గళ్ల చీరలా అలలు వస్తాయి. వీళ్లు చుక్కలు కరిగించి స్కాన్ చేస్తారు. నలుపు తెలుపు ఫొటోలను నాలుగు రంగుల్లో కాకుండా ఒక్క నలుపులోనే వేశారు, అందుకే ఎక్కడా ఆకుపచ్చ నీడ లేదు. మనవైపు జాగ్రత్తలు రెండు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. నెగెటివ్ నుంచి తీసిన గ్రూపు ఫొటో తిరగబడిందేమో జెర్సీ నంబర్లు చూసి తేల్చుకోవాలి. తిరగబడితే ‘ఎడమ నుంచి కుడికి’ అని రాసిన పేర్లన్నీ తారుమారే. ఇంటర్నెట్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరికే ఫొటోలకు తీసినవారి పేరు, లైసెన్సు పేరు కింద వేయాలి. దానికి పేజీలో చోటు ముందే ఉంచుకోవాలి.

బైండింగ్ సెంటర్ పిన్, అంటే మధ్య మడత మీద పిన్నులు కొట్టడం. ఈ మందానికి అదే మేలు, పుస్తకం పూర్తిగా విచ్చుకుంటుంది. అయితే మడతలు ఒకదానిలో ఒకటి దూరడంతో మధ్య పేజీలు సుమారు 2 మిల్లీమీటర్లు బయటికి తోసుకొస్తాయి, కటింగ్‌లో ఆ మేరకు పోతాయి. పేజీ నంబరును అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపలికి జరిపితే భయం లేదు. పేజీలు వంద దాటితే వీపున జిగురుతో అతికించే పర్ఫెక్ట్ బైండింగ్‌కు వెళ్లాలి. అప్పుడు ఆర్ట్ పేపరు పేజీలను ఉత్త జిగురుతో అతికించనివ్వకూడదు. నున్నటి పూత మీద జిగురు పట్టదు, నాలుగుసార్లు తిప్పేసరికి ఫొటోలు చేతిలోకి వస్తాయి. కుట్టించాలి.

ప్రూఫు ఫోన్లో పీడీఎఫ్‌గా చూసి ‘సరే’ అనొద్దు, కాగితం మీద తీయించాలి. ప్లేటు దిగాక ఒక్క అక్షరం మార్చినా ఆ వైపు 8 పేజీల ప్లేటు మళ్లీ వేయాల్సిందే, ఆ ఖర్చు మనదే. పెళ్లి ముహూర్తాల నెలల్లో శుభలేఖలే ముందు, పుస్తకం మూలకు పోతుంది. వారం అన్న పని మూడు వారాలు పట్టింది. టోర్నీ తేదీకి నెల ముందే మేటర్ ఇవ్వాలి. రేటు మొత్తంగా కాకుండా టైపు, ప్లేట్లు, కాగితం, అచ్చు, లామినేషన్, బైండింగ్ అని విడివిడిగా రాయించుకోవాలి. టైపు సొంతంగా చేయించుకుని పీడీఎఫ్ ఇచ్చేవాళ్లకైతే ఈ ప్రెస్సుకు అయిదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. టైపు కూడా వాళ్లకే ఇస్తే మూడు.