మొదటి మాయల నవల: హ్యారీ పోటరా, ఎర్త్‌సీనా?

జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శన తెరవగానే ఒకసారి, ఏప్రిల్లో పరీక్షలు అయిపోగానే ఇంకోసారి, తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది: "మా అమ్మాయికి పదమూడేళ్ళండీ. ఇంగ్లిష్ మీడియమే. మంత్రాలూ మాయలూ ఉన్న నవల కావాలంటోంది. ఏది కొనమంటారు?" ఎనిమిది, తొమ్మిది తరగతుల సెలవుల్లోనే ఇక్కడి పిల్లలకు నవల పట్టుకునే తీరిక. పది వచ్చిందంటే స్టడీ అవర్లు, ఆ తర్వాత ఇంటర్, హాస్టలు. కాబట్టి కొనే ఆ ఒక్క పుస్తకం కుదరాలి.

చాలామంది చెయ్యి నేరుగా హ్యారీ పోటర్ మొదటి భాగం మీదకు పోతుంది. తప్పేం లేదు. కానీ దాని పక్కన పెట్టి చూడాల్సిన పుస్తకం ఒకటుంది, ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. మాంత్రికుల బడి అందులోనూ ఉంది. ప్రతిభ ఉన్న అనాథలాంటి కుర్రాడు, బళ్ళో ఒక మంచి స్నేహితుడు, ఒక పొగరుబోతు తోటివాడు కూడా ఉన్నారు. పోటర్ మొదటి భాగం వచ్చింది 1997లో, అంటే దాదాపు మూడు దశాబ్దాల తర్వాత.

చదివిన పిల్లల మాటల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పోటర్ గురించి ఎవరైనా "బాగుంది" అంటారు, వెంటనే రెండో భాగం అడుగుతారు. ఎర్త్‌సీ దగ్గర మాత్రం అభిప్రాయం నిలువునా చీలిపోతుంది. "స్లోగా ఉంది, డైలాగులు లేవు, ఎక్కడా నవ్వు రాదు" అన్నవాళ్ళు మూడో అధ్యాయం దగ్గరే పుస్తకం మూసేస్తారు. చివరిదాకా వెళ్ళినవాళ్ళు రెండో భాగం సంగతి కాదు, కథలో కుర్రాడి వెంటపడే ఆ నీడ సంగతి అడుగుతారు. అది ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఆ కుర్రాడు దాన్ని ఆ పేరుతో ఎందుకు పిలిచాడు అని.

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: మంత్రం వేసినవాడు దానికి ఏం చెల్లించాడు?

ఎర్త్‌సీ మొదటి అధ్యాయంలో మేకల ఘట్టం చూడండి. గాంట్ దీవిలో ఏడేళ్ళ కుర్రాడు. తల్లి లేదు, తండ్రి కంచరి. గుడిసె కప్పు మీదికెక్కిన మేకను పెద్దమ్మ ఏదో మాట పలికి దింపడం విన్నాడు. మర్నాడు కొండమీద మేకలు కాస్తూ అదే మాట అరిచాడు. మేకలన్నీ చప్పుడు లేకుండా దగ్గరకొచ్చి, పసుప్పచ్చ కళ్ళతో అతన్నే చూస్తూ నిలబడ్డాయి. కుర్రాడు నవ్వాడు, మళ్ళీ పలికాడు. అవి ఇంకా దగ్గరకొచ్చాయి, ఒంటికి ఆనుకున్నాయి. భయమేసి పరుగెత్తాడు. తాడుతో కట్టేసినట్టు మందంతా అతన్ని మధ్యలో ఇరికించుకుని ఊళ్ళోకి దిగింది. పిలవడం వచ్చింది గానీ వదిలించుకోవడం రాదు. మొత్తం నవలకు బీజం ఈ ఒక్క పేజీలో ఉంది.

అక్కణ్ణుంచి ప్రతి మంత్రానికీ బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఆ కుర్రాడే గెడ్. కుర్రతనంలో, పంతానికి పోయి, చచ్చిపోయిన ఒక రాణిని పిలుస్తాడు. ఆ సందులోంచి నీడ బయటికొస్తుంది. ఆ సందు మూయడానికి బడి పెద్ద ప్రాణమే ధారపోస్తాడు. గెడ్ ముఖం మీద మచ్చలు మిగులుతాయి, నెలల తరబడి మంచం మీదుంటాడు, లేచాక అంతకుముందు అలవోకగా వచ్చిన మంత్రమే నోట పలకడానికి భయపడతాడు. తర్వాత పడవలు చేసే ఒక స్నేహితుడి పసిబిడ్డకు జ్వరం వస్తే, చావు దాకా వెంటపడి పిలుస్తాడు, బిడ్డ దక్కడు, తనే దాదాపు వెనక్కి రాలేనంత దూరం వెళ్ళిపోతాడు. డేగ రూపంలో ఎక్కువ కాలం ఎగిరినందుకు మనిషి మాట మర్చిపోతాడు. ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చని బళ్ళో గురువులు ముందే హెచ్చరిస్తారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇది ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. రోషంతో చేసిన పని వెనక్కి తీసుకోలేమని అప్పుడప్పుడే తెలుస్తున్న వయసు కదా.

పోటర్ లోకంలో మంత్రదండం సరిగ్గా తిప్పి, మాట సరిగ్గా పలికితే పని అయిపోతుంది. ఈకను గాల్లోకి లేపే పాఠంలో హ్యారీ స్నేహితుడు రాన్ పలకడం తప్పితే తోటి అమ్మాయి హర్మయొనీ సరిదిద్దుతుంది, అంతే. తోటి కుర్రాడు నెవిల్ చీపురు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే ఆ పూటే అతుక్కుంటుంది. ఒళ్ళు అలిసిపోవడం, ఎక్కడో ఇంకెవరికో లోటు రావడం ఉండదు. నియమాలు కూడా అవసరాన్ని బట్టి తర్వాతి భాగాల్లో వచ్చి చేరతాయి. మూడో భాగంలో కాలాన్ని వెనక్కి తిప్పే పరికరం వచ్చింది. "అది ఉంటే తర్వాత చనిపోయినవాళ్ళని ఎందుకు కాపాడలేదు?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. అయిదో భాగంలో పోరాటం మధ్య ఆ పరికరాలున్న బీరువా పగిలిపోతుంది. తిండిని శూన్యంలోంచి పుట్టించలేరన్న నియమం ఏడో భాగంలో గానీ వినపడదు.

అయితే పోటర్‌లో దేనికీ ఖరీదే లేదనడం అన్యాయం. మొదటి భాగంలోనే యూనికార్న్ రక్తం తాగినవాడికి ప్రాణం నిలుస్తుంది గానీ ఆ బతుకు శాపగ్రస్తమవుతుంది. తల్లి ప్రాణమిచ్చింది కాబట్టే కొడుకు బతికాడు. ఖరీదు చావు దగ్గరా ప్రేమ దగ్గరా ఉంది, రోజువారీ మంత్రం దగ్గర లేదు. అందుకే ఆ పుస్తకం పిల్లలకు ఆటస్థలంలా హాయిగా ఉంటుంది, ఆ హాయి చిన్న విషయం కాదు. హాస్టల్లో ఉన్న పిల్లలకైతే ఇంకా దగ్గరగా అనిపిస్తుంది: డార్మిటరీ, మెస్సు, పాయింట్లు, అన్నీ తెలిసినవే. ర్యాంకుల మధ్య పెరిగే పిల్లలు మొదటి భాగం ముగింపు మీద గట్టిగా వాదించుకుంటారు. బడిలోని జట్ల పోటీలో స్లిథరిన్ 472తో గెలిచేసింది, హ్యారీ జట్టు గ్రిఫిండర్ 312తో ఆఖర్న ఉంది. హెడ్‌మాస్టర్ లేచి రాన్‌కు 50, హర్మయొనీకి 50, హ్యారీకి 60, నెవిల్‌కు 10 ఇచ్చి 482 చేసేస్తాడు. "కౌంటింగ్ అయిపోయాక మార్కులు కలుపుతారా?" అని కొందరు, "ధైర్యానికి ఇచ్చారు కదా" అని కొందరు. ఒక పుస్తకం మీద పిల్లలు ఇంతగా వాదించుకుంటున్నారంటే అది వాళ్ళకు పట్టినట్టే.

ఇంట్లో అమ్మమ్మలకూ పోటర్ అందుతుంది. విలన్ తన ఆత్మను ముక్కలు చేసి వస్తువుల్లో దాచాడని ఆరో భాగంలో తెలిసినప్పుడు, చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు గుర్తుకు రాని తెలుగు ఇల్లు ఉండదు.

ఇక చదవడంలో ఎక్కడ ఆగిపోతారో చూద్దాం. పోటర్ మొదటి భాగం 17 అధ్యాయాలు, సగం సంభాషణలే. ఆరో తరగతి పిల్లలు కూడా లాగించేస్తారు. ఆగేది మొదటి భాగంలో కాదు, నాలుగు 37 అధ్యాయాలూ అయిదు 38 అధ్యాయాలూ ఉన్న చోట. అందుకే ఏడూ కలిపి సెట్టు కొనకండి. మొదటి మూడూ చదివాక చూసుకోవచ్చు.

ఎర్త్‌సీ 10 అధ్యాయాలే, 200 పేజీలు అటూ ఇటూ. చిన్న పుస్తకమే గానీ వాక్యాలు పొడుగు, పాతకాలపు కథ చెప్పే తీరు. పిల్లలు తడబడేది ముఖ్యంగా పేర్ల దగ్గర. కథానాయకుడికి చిన్నప్పుడు డ్యూనీ, లోకానికి స్పారోహాక్, అసలు పేరు గెడ్. ఆ అసలు పేరు పదమూడో ఏట ఏరు దాటించి గురువు చెప్తాడు, ఉపనయనంలో చెవిలో మంత్రం చెప్పినట్టు. దాన్ని తెలిసినవాడికి మనిషి మీద అధికారం వస్తుంది కాబట్టి ఎవరికీ చెప్పకూడదు. స్నేహితుడు వెచ్ అసలు పేరు ఎస్టారియోల్. వీటిని మొదటి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రాసి ఇస్తే సగం చిక్కు తీరుతుంది. మిగతా సగం మ్యాపు తీరుస్తుంది. ముందు పేజీల్లోని మ్యాపును జిరాక్స్ తీయించి, మడిచి పుస్తకంలో పెట్టండి. ఈశాన్యాన గాంట్, మధ్యలో బడి ఉన్న రోక్, పడమట డ్రాగన్ ఉన్న పెండోర్, ఉత్తరాన ఆస్కిల్. ఒక్కో ప్రయాణం అవగానే పిల్లలే గీత గీసుకుంటారు. మొదటి అధ్యాయం మాత్రం పెద్దలు పైకి చదివి వినిపించాలి. మేకల దగ్గర మొదలై శత్రువుల నుంచి ఊరిని పొగమంచుతో కాపాడే దాకా ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, ఆ తర్వాత పుస్తకం తిరిగివ్వరు.

ఆడపిల్లలు చేసే ఫిర్యాదు ఒకటుంది, అది న్యాయమైనదే. గాంట్‌లో ఆడవాళ్ళ మంత్రం బలహీనమనీ చెడ్డదనీ సామెతలున్నాయి, రోక్ బడిలో మగపిల్లలే చదువుతారు, ముఖ్యపాత్రల్లో అమ్మాయి లేదు. హర్మయొనీ లాంటి పాత్ర కావాలనుకునేవాళ్ళకు ఇది పెద్ద లోటు. రచయిత్రి కూడా ఆ లోకాన్ని తర్వాత తిరగరాసుకుంది. రెండో పుస్తకం 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' టెనార్ అనే అమ్మాయి కథ. 1990లో వచ్చిన 'టెహాను' ఆ ఆడవాళ్ళ వైపు నుంచే మొత్తాన్ని మళ్ళీ చూస్తుంది. అమ్మాయి మొదటిది చదివి అలిగితే, సిరీస్ ఆపేయకుండా రెండోది చేతిలో పెట్టండి. 'టెహాను' మాత్రం పదహారు దాటాకే. అందులో చిన్నపిల్ల మీద జరిగిన దారుణం ఉంది.

కాబట్టి వయసు పదకొండు, పన్నెండు, ఇంగ్లిష్ నవల ఇదే మొదటిదైతే పోటర్. పదమూడు దాటి, ఒకటి రెండు నవలలు చదివి ఉంటే ఎర్త్‌సీ. రెండింటిలో ఒక్కటే ఇంట్లో ఉండాలంటే నేను ఎర్త్‌సీనే ఉంచుతాను. పోటర్ స్నేహితుల దగ్గరో స్కూల్ లైబ్రరీలోనో ఎలాగూ దొరుకుతుంది.

తెలుగు ధారాళంగా చదివే పిల్లలుంటే దాసరి సుబ్రహ్మణ్యం చందమామ సీరియళ్ళను వదలకండి: రాకాసిలోయ, శిథిలాలయం, మాయాసరోవరం. ఆయన గుంటూరు జిల్లా వారు, చందమామకు ప్రాణం పోసిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు తెనాలి వారు. ఇది మన నేల మీది సరుకే. ఇక్కడ మాంత్రికుడు ఎక్కువగా శక్తి కోసం బలులిచ్చే దురాశాపరుడు, గెలిచేది కత్తీ యుక్తీ ఉన్న కుర్రాళ్ళు. మంత్రం నేర్చుకునే పిల్లవాడే కథానాయకుడు కావడం అన్నది పై రెండు పుస్తకాల్లో కొత్తగా కనిపిస్తుంది, పక్కపక్కన చదివితే ఆ తేడా పిల్లలే పట్టుకుంటారు. నెలనెలా వచ్చిన సీరియళ్ళు కనుక ప్రతి భాగం చివరా ముడి ఉంటుంది. రోజుకు ఒక్క భాగమే చదివిస్తే ఆ రుచి తెలుస్తుంది, వరసగా చదివితే ఒకే రకం ఆపదలు మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు అనిపిస్తుంది.

పెర్సీ జాక్సన్ మొదటి భాగం సరదాగా, వేగంగా సాగుతుంది. పుస్తకమంటే పారిపోయేవాడికి మంచి మందు. గ్రీకు దేవతల పేర్లు ముందే కాస్త తెలిసుండాలి. పాండవుల ఆధారంగా 2018లో మొదలైన ఆరూ షా సిరీస్ కూడా అదే బాణీ, భారతం తెలిసిన పిల్లలకు సులువు. రెండింటిలోనూ మంత్రం కన్నా పోట్లాటలు ఎక్కువ.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలోనూ గుంటూరు బ్రాడీపేట వైపూ వెతికితే పోటర్ తేలిగ్గా దొరుకుతుంది, ఎర్త్‌సీకి ఆర్డర్ పెట్టాల్సి రావచ్చు. ఫుట్‌పాత్ మీద అమ్మే దొంగ ముద్రణలు పోటర్‌లోనే ఎక్కువ. అక్షరాలు జిరాక్స్‌లా అలుక్కుపోయి ఉన్నా, పేజీ అంచు అక్షరాల మీదికి కోసేసినా, అట్ట తెరవగానే జిగురు చిట్లినా వదిలేయండి. డబ్బు ఇవ్వకముందే పేజీ నంబర్లు ఒకసారి గబగబా తిప్పి చూడండి, 16 పేజీల కట్ట ఒకటి ఎగిరిపోవడమో రెండుసార్లు కుట్టడమో మామూలే. ఎర్త్‌సీలో మ్యాపు ఉందో లేదో చూడండి. నాలుగు నవలలు కలిపిన సంపుటం ధర కలిసొస్తుంది గానీ అందులో 'టెహాను' కూడా ఉంటుంది. 2018లో వచ్చిన బొమ్మల సంపుటం అందమైనదే, అయితే వెయ్యి పేజీల చుట్టూ ఉంటుంది. పడుకుని చదివే పిల్లల చేతికి బరువు. మొదటి పుస్తకం విడి ప్రతే తీసుకోండి.