వేట విరామంలో ఫైబర్ బోటు మరమ్మతు: హార్బరు దగ్గరి బోర్డు లేని షెడ్డు

విశాఖపట్నం పెద జాలారిపేట ఒడ్డున మా అన్నదమ్ములిద్దరికీ కలిపి 28 అడుగుల ఫైబర్ బోటు ఒకటి ఉంది. దాన్ని సముద్రంలోకి తీసుకువెళ్లేది మా అన్నయ్య. మరమ్మతులు, రిజిస్ట్రేషన్, బీమా కాగితాల వంటి ఒడ్డు మీది పనులన్నీ నా వంతు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మర పడవలకు, ఇంజిన్ బోట్లకు వేట నిషేధం అమలులో ఉంటుంది కాబట్టి, బోటు బాగుచేయించుకోవడానికి మాకు దొరికే వ్యవధి ఆ రెండు నెలలే. ఈ ఏడాది ఆ పనిని ఫిషింగ్ హార్బరుకు వెళ్లే దారిలో, ఐస్ ఫ్యాక్టరీల వెనుక ఉన్న ఒక చిన్న షెడ్డులో చేయించాం. దానికి బోర్డు లేదు, పేరూ లేదు. రేకుల కప్పు, బయట బోర్లించి ఉన్న రెండు మూడు బోట్లు, గాలిలో రెజిన్ (ఫైబర్ పొరలను అతికించే జిగురు ద్రవం) ఘాటు, ఇవే గుర్తులు. అక్కడి పనితనం గురించి మా పేటలో చాలామంది అడుగుతున్నందున, మంచినీ చెడునూ కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా కిందటి ఏడాది సంగతి చెప్పాలి. అప్పుడు వేరొక చోట పని చేయించాం. బోటు అడుగున, వెన్నుకు ఎడమవైపు, ఒడ్డుకు లాగేటప్పుడు రాయి తగిలి జానెడు మేర పగులు వచ్చింది. మే నెలాఖరులో హడావుడిగా ఇచ్చాం, వాళ్లు మూడు రోజుల్లో మ్యాటు (గాజు నారతో చేసిన గుడ్డలాంటి పొర) అతికించి, పైన రంగు వేసి ఇచ్చేశారు. చూడటానికి అద్దంలా ఉంది. జూలై రెండో వారానికి ఆ అతుకు అంచులు లేచిపోయాయి. ఆ తరువాత మిగిలిన సీజనంతా నలుగురు వెళ్లే బోటులో ఒకరు వలను వదిలేసి నీళ్లు తోడుతూ కూర్చోవలసి వచ్చింది. తప్పు వాళ్లది మాత్రమే కాదు, అంత ఆలస్యంగా ఇచ్చిన మాదీ ఉంది. కానీ తడిసిన ఫైబర్ మీద రెజిన్ పట్టదన్న సంగతి తెలిసిన పనివాడు, తెలియని యజమానికి ఆ మాట చెప్పి ఉండవలసింది.

అందుకే ఈసారి ఏప్రిల్ 14న చివరి వేట ముగియగానే బోటును నేరుగా హార్బరుకే తెచ్చి, అక్కడి నుంచి ట్రాక్టరుతో షెడ్డుకు లాగించాం. షెడ్డు నడిపే ఆయనకు అరవై ఏళ్లకు పైనే ఉంటాయి. ఆయన మొదటి రోజు చేసిన పని రంగు చూడటం కాదు, పగులు చూడటమూ కాదు. ఒక చిన్న చెక్క సుత్తి తీసుకుని బోటు అడుగంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్న చోట టక్కుమని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. డొల్లగా వినిపించిన ప్రతి చోటా సుద్దముక్కతో సున్నా చుట్టాడు. మేము ఒక పగులు బాగుచేయించడానికి వెళ్లాం, ఆయన పదకొండు సున్నాలు చుట్టాడు. బిల్లు పెంచడానికి వేసిన ఎత్తేమోనని నాకు అనుమానం కలిగింది. సుత్తి నా చేతికిచ్చి నన్నే తట్టి చూడమన్నాడు. తేడా చెవికి స్పష్టంగా తెలిసింది.

ఆ తరువాత పాత అతుకును గ్రైండరుతో పూర్తిగా తీసేసి, అడుగున అన్నింటికన్నా పల్లంగా ఉన్న చోట సన్నని రంధ్రం వేసి, కింద ఒక స్టీలు గిన్నె పెట్టాడు. బోటు మునిగిపోకుండా తేలడం కోసం రెండు పొరల మధ్య ఫోమ్ నింపుతారు. పగులు నుంచి లోపలికి దిగిన నీరు అందులో నిలిచిపోతుంది. కిందటి సీజనులో బోటు బరువెక్కిందని, ఒడ్డుకు లాగడానికి ఇద్దరు మనుషులు అదనంగా కావలసి వస్తోందని అన్నయ్య అంటూనే ఉన్నాడు, కారణం మాత్రం తోచలేదు. మరునాడు ఉదయానికి గిన్నె నిండి పొర్లింది. ముసలాయన అందులో వేలు ముంచి నాలుకకు రాసుకుని, నన్నూ చూడమన్నాడు. ఉప్పు. తొమ్మిది రోజుల పాటు ఆ గిన్నె అక్కడే ఉంది, చివరి రెండు రోజులూ అడుగు తడవడమే తప్ప నిండలేదు.

ఈ తొమ్మిది రోజులూ పని ఏమీ జరగనట్టే కనిపిస్తుంది, చాలామందికి కోపం వచ్చేదీ ఇక్కడే. నేనూ అయిదో రోజున వెళ్లి కాస్త గట్టిగానే అడిగాను. "తడి మీద ఏస్తే పట్టదు బాబూ, మళ్లీ నా కాడికే వొస్తావు" అన్నాడే తప్ప పని మొదలుపెట్టలేదు. అంతేకాదు, ఆ మధ్యలో రెండుసార్లు గ్రైండ్ చేసిన చోటును మంచినీళ్లతో కడిగించాడు. ఆరబెడుతున్న దాన్ని మళ్లీ తడపడమేమిటని వింతగా అనిపించింది. కానీ అందులో గట్టి కారణమే ఉంది. ఉప్పు మిగిలిపోతే అది గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది, మన తీరంలో వేసవి గాలికి తేమ కొదవ లేదు. ముందు ఉప్పు పోవాలి, తరువాతే ఆరాలి.

ఇక ఫైబర్ పని విషయానికి వస్తే, ఇది ఈ షెడ్డుకు నిజంగా పేరు తెచ్చే అంశం. మా బోటు అడుగు మందం సుమారు 8 మిల్లీమీటర్లు. పగులు చుట్టూ ఆ మందానికి పన్నెండు రెట్లు, అంటే ఇంచుమించు నాలుగంగుళాల దూరం వరకు, అంచును పళ్లెంలా వాలుగా చెక్కారు. కిందటి ఏడాది మ్యాటును పగులు మీద బిళ్లలా అతికించారు. ఈసారి ఆ వాలులోకి చిన్నదాని మీద పెద్దదిగా ఒక్కొక్క పొరా దించారు. పాత ఫైబర్‌కూ కొత్తదానికీ మధ్య అతుకు వెడల్పు పెరిగే కొద్దీ పట్టు పెరుగుతుంది. ప్రతి పొర మీదా ఇనుప రోలరు తిప్పి గాలి బుడగలు బయటికి నెట్టారు. మ్యాటు తెల్లదనం పోయి పారదర్శకంగా మారేదాకా తరువాతి పొర వేయలేదు.

రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్‌ను సూది లేని సిరంజితో కొలిచి పోయడం నాకు బాగా నచ్చింది. కిందటి ఏడాది వాళ్లు సీసా మూతతో ఉజ్జాయింపుగా పోశారు. పాలిస్టర్ రెజిన్ కిలోకు హార్డనర్ సాధారణంగా 10 నుంచి 20 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది. ఎండ పెరిగే కొద్దీ తగ్గించుకోవాలి, లేకపోతే డబ్బాలోనే గడ్డకట్టి పొగలు వస్తాయి. మే నెలలో అయితే ఉదయం ఎనిమిది లోపు ఒక విడత, సాయంత్రం అయిదు తరువాత మరొక విడత మాత్రమే రెజిన్ పని చేశారు, మధ్యాహ్నమంతా గ్రైండింగే.

మరొక విషయంలో ఆయన నిజాయితీ చెప్పుకోదగ్గది. అడుగున గుల్లలు పట్టకుండా వేసే రాగి కలిసిన ఎర్ర రంగు కూడా వేయమని నేను అడిగాను. అది హార్బరులో నెలల తరబడి నీటిలోనే నిలిచి ఉండే బోట్లకు అవసరమని, రోజూ ఒడ్డు మీదికి లాగి ఆరబెట్టే మీ బోటుకు గుల్లలు నిలవవని, ఆ డబ్బు ఇసుకలో రాపిడికి పోతుందని చెప్పి వద్దన్నాడు. చేతికి వచ్చే పనిని కాదనే పనివాళ్లు ఎక్కువమంది ఉండరు.

అయితే రంగుల పని మాత్రం అంతంత మాత్రమే. రంగు వేసే కుర్రాడు పక్క బోటుకు అడుగున ఉన్న జింకు దిమ్మ మీద కూడా రంగు పూసేశాడు. ఉప్పునీటిలో తాను కరిగిపోతూ మిగతా లోహ భాగాలను కాపాడటానికే ఆ దిమ్మను బిగిస్తారు, దాన్ని రంగుతో కప్పేస్తే బిగించనట్టే. నేను చూసి చెబితే గీకించారు. మా బోటుకు ఐఎన్‌డీ ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు రాసేటప్పుడు చివరి రెండు అంకెలూ తారుమారయ్యాయి. సముద్రంలో తనిఖీ ఎదురైతే ఆ రెండు అంకెలకు జవాబు చెప్పుకోవలసింది మేమే. కాబట్టి రంగు పని జరిగే రోజున రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో పట్టుకుని దగ్గరే నిలబడటం మంచిది.

ఇంజిన్ పని అక్కడ చేయించవద్దనే చెబుతాను. షెడ్డుకు బయటి నుంచి వచ్చే ఒక మెకానిక్కు మా 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజిన్‌ను (బోటు వెనుక బయటివైపు బిగించేది) అప్పగించారు. పాత గేరు నూనెను వదిలేటప్పుడు అది పాలు కలిసిన టీలా ఉంది, అంటే సీలులోంచి నీరు దిగిందన్నమాట. అతను సీలు జోలికి పోకుండా కొత్త నూనె పోయడానికి సిద్ధపడ్డాడు, అదీ పై రంధ్రం నుంచి. గేరు నూనెను కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రం నుంచి బయటికి పొంగేదాకా నింపాలి. అలా అయితేనే లోపలి గాలి పూర్తిగా పోతుంది. అక్కడితో ఆపించి ఇంజిన్‌ను ఆటోలో వేసుకుని మరొక మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లాను. ఇంజిన్ కింద నీటిలో తిరిగే పంకా విప్పగానే ఇరుసు చుట్టూ నైలాన్ తాడు పోగులు బిగుసుకుని సీలును కోసేసి ఉన్నాయి. సీలు, నీటి పంపు రబ్బరు, ప్లగ్గులు మార్చి, నీళ్ల డ్రమ్ములో పెట్టి అరగంట నడిపి చూపించాడు. పక్క నుంచి నీటి ధార ఆగకుండా వచ్చింది, అంటే నీటి పంపు సరిగ్గా పనిచేస్తోందన్నమాట.

భద్రత విషయంలోనూ ఈ షెడ్డుకు మంచి మార్కులు వేయలేను. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు బూడిదైన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. రెజిన్, అసిటోన్ రెండూ ఇట్టే అంటుకునేవే. హార్డనర్, రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే కోబాల్ట్ ద్రావకం పొరపాటున నేరుగా కలిస్తే నిప్పు పుట్టే ప్రమాదం ఉంది. ఆ రెండింటినీ వేర్వేరు అలమారాల్లో పెట్టిన జాగ్రత్త మెచ్చుకోదగినదే. కానీ షెడ్డు మొత్తానికి మంటలార్పే సిలిండరు ఒక్కటీ లేదు, రెండు ఇసుక బకెట్లు మాత్రమే ఉన్నాయి. గ్రైండింగ్ చేసే కుర్రాళ్ల ముక్కుకు తడి తువ్వాలే ఆధారం. ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు ఎంత హానికరమో తెలిసి కూడా ఇలా నడపడం సరికాదని ఆయనతోనే చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మాకు అయిన ఖర్చు సామానుతో కలిపి 31,500 రూపాయలు, ఇంజిన్ పని వేరు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచినా, ఒక ఫైబర్ బోటు అడుగు పనికే అది చాలలేదు, ఇంటి ఖర్చు మాట తరువాత. మొదట 18,000 అవుతుందని చెప్పి, బోటు మీద సుద్ద సున్నాలు పెరిగే కొద్దీ అంచనా పెంచుకుంటూ పోయాడు. లెక్క కాగితం మీద ఇవ్వలేదు, అడిగితే నోటితో చెప్పాడు. మొత్తం అన్యాయమైనదని అనను కానీ, ఎన్ని కిలోల రెజిన్, ఎన్ని మీటర్ల మ్యాటు పట్టాయో రాయించుకోకపోవడం నా పొరపాటు.

జూన్ 14 సాయంత్రం బోటుకు పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, అర్ధరాత్రి దాటాక నీళ్లలోకి దించాం. ఇది రాసే నాటికి మూడు నెలలు గడిచాయి. పోయిన ఆదివారం బోటును పక్కకు ఒరిగించి, నేనే ఒక చెక్క ముక్కతో ఆ పదకొండు చోట్లా తట్టి చూశాను. పది చోట్ల టక్కుమంది. ముక్కు దగ్గరి పదకొండో చోటు మాత్రం కొద్దిగా అనుమానంగా వినిపించింది, అక్కడ సుద్దతో సున్నా చుట్టి ఉంచాను. వచ్చే ఏప్రిల్‌లో ఫైబర్ పనికి మళ్లీ అక్కడికే వెళతాం. అయితే నెల మొదట్లోనే చోటు మాట్లాడుకుని, ఇంజిన్‌ను ఇంట్లోనే దించేసి వెళతాం.